మూత బిగించిన చెయ్యి

సీసా అడుగు నుంచి ఒక బుడగ లేచింది. నిజంగానే లేచిందా, లేక తన ఒంటి కన్ను చేసిన మాయా అని ఆమె స్టూలు మీద నుంచి ముందుకి వంగి చూసింది. ఎడమ కన్ను గాజుది, ఊరికే ముఖంలో కొలువుంటుంది. చాకిరీ అంతా కుడి కంటిదే. ఇంకో బుడగ లేచింది, దాని వెనక మరొకటి, తీరిగ్గా, తొందరేం లేదన్నట్టు. పొగని పైకి లాగేసే గాజు అరలో, ఇక్కడ అందరూ హుడ్ అంటారు దాన్ని, వేస్ట్ సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రయోగాలయ్యాక మిగిలిన మందులన్నీ వాటిలో పోసి, పట్టుకుపోయే బండి వచ్చేదాకా అక్కడే ఉంచుతారు. ఈ సీసా మీద కొత్త కాగితం అంటించి నైట్రిక్ యాసిడ్ వేస్ట్ అని రాశారు. ఆ కాగితం అంచు కింద నుంచి పాత లేబులు ముక్క తొంగి చూస్తోంది, ఆల్కహాల్ అని. అంటే అయిపోయిన ఆల్కహాల్ సీసాని కడక్కుండా, అడుగున మిగిలింది ఒంపకుండా, దాంట్లోనే యాసిడ్ పోసేశారు. ఎంత చదువుకున్నవాళ్లయినా ఖాళీ సీసా చేతికి దొరికిందంటే చేసే తప్పు ఇదే. రెండూ కలిసిన కాసేపటి వరకూ ఏమీ జరగదు, పోసినవాడు చేతులు కడుక్కుని హాయిగా వెళ్లిపోతాడు. తర్వాత వేడెక్కుతుంది. ఆవిరి పుడుతుంది. పోవడానికి దారి ఉంటే పోతుంది, లేకపోతే సీసాని బద్దలుకొట్టుకుని పోతుంది.

దారి ఉంది. మూత సీసా మెడ మీద ఊరికే ఆనించి ఉంది, సగం చుట్టు కూడా తిరిగినట్టు లేదు. కాబట్టి ఇప్పటికి ప్రమాదమేమీ లేదు, ఎవరైనా వచ్చి బిగిస్తే తప్ప. ఎవరైనా అనడం దేనికి, ఎవరు బిగిస్తారో ఆమెకి తెలుసు. ఈ ల్యాబ్‌కి పెద్ద దిక్కు, ప్రొఫెసరు గారు, అప్పట్లో పిల్లలు చాటుమాటుగా బిరడా మాస్టారు అని పిలుచుకున్న పెద్దమనిషి. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గదంతా ఒక చుట్టు చుట్టి, కనిపించిన ప్రతి సీసాకీ పీక నొక్కినట్టు మూత బిగించి మరీ వెళ్లేవాడు. "వాసనొస్తే నాకు తల పగిలిపోతుంది, ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అని కేకలు వేసేవాడు. ఆయన తల పగల్లేదు. ఆయన జుట్టు కాస్త పలచబడిందంతే, ఇవాళ పొద్దున చూసింది కదా, రంగు కూడా వేసుకున్నాడు. భద్రతా వారోత్సవాల ముగింపు సభకి ముఖ్య వక్త మరి. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే వేరే ఏముంటుంది? కింద హాల్లో మైకు ముందు నిలబడ్డాడు, ఆ గొంతు ఆవరణలో పెట్టిన స్పీకర్లలోంచి ఎక్కి కిటికీలోంచి ఈ గదిలోకి దిగుతోంది. పిల్లలందరినీ అక్కడికే తోలుకుపోయాడు, చప్పట్లు కొట్టడానికి. "మాట్లాడటం అవగానే పైకొచ్చేస్తాను, నువ్వు ల్యాబ్‌లో కూర్చుని ఉండమ్మా, తనిఖీ ఏముంది, మన ల్యాబే కదా" అన్నాడు ఫోన్లో. మన. ఆ మాట దగ్గర ఆమెకి నోట్లో చేదు ఊరింది.

ఇప్పుడు ఏం చెయ్యాలో ఆమెని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మూత తీసి పక్కన పెట్టాలి, హుడ్ గాజు తలుపు కిందికి దింపాలి, బయటికి నడిచి గుమ్మంలో నిలబడి ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. విశ్వవిద్యాలయం ఆమెని సేఫ్టీ ఆఫీసరుగా పెట్టుకుని జీతమిస్తోంది అందుకే. పైగా ఒళ్లో ఉన్న సంచీ నిండా గాలిపోయే మూతలున్నాయి, నడిమధ్య చిన్న బెజ్జం, దానికో వలలాంటి తెర, ఎంత బిగించినా లోపలి ఆవిరి బయటికి పోతూనే ఉంటుంది. అన్ని ల్యాబుల్లోనూ పంచుతూ వచ్చి ఈ గదిని ఆఖరికి పెట్టుకుంది. లేచి ఒకటి తీసి మార్చడం ఎంతసేపు, చిటికెలో పని. ఆమె సంచీ మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. నేనేం చేశానని? పోసింది నేను కాదు, బిగించబోయేది నేను కాదు. కూర్చున్నాను, అంతే. కూర్చోమన్నది కూడా ఆయనే.

అప్పుడు కూడా ఇలాంటి ఎండే, ఏటవాలుగా ఈ బల్లల మీదే పడి ఉంది. అదిగో ఆ కిటికీ పక్క బల్ల ఆమెది, ఇప్పుడు దాని మీద ఎవరిదో టిఫిను డబ్బా ఉంది, ల్యాబ్‌లో తినుబండారాలు పెట్టరాదని రాసిన బోర్డు కిందే, దర్జాగా. అప్పట్లో ఆమె ఇక్కడ పరిశోధన విద్యార్థిని, రెండు కళ్లున్న పిల్ల, నవ్వితే గదంతా వినిపించేలా నవ్వే పిల్ల. ఆ రోజు ఆల్కహాల్ సీసాలో యాసిడ్ పోసింది ఎవరో ఈనాటికీ తేలలేదు. తనే పోసిందేమో, కావచ్చు, ఆ సంగతికి ఆమె ఎప్పుడూ గొడవపడలేదు. గొడవ మూత దగ్గరే. మూత వదులుగా పెట్టడం ఆమెకి ఒక సీనియర్ నేర్పింది, "దానికీ ఊపిరాడాలే పిల్లా, నోరు నొక్కితే ఊరుకుంటుందా?" అని వీపు మీద చరిచి మరీ నేర్పింది. ఆ పూట తనూ మూత అలాగే పెట్టి టీకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బిరడా మాస్టారు చుట్టు పూర్తి చేసుకుని వెళ్లిపోతూ వరండాలో ఎదురుపడ్డాడు, రుమాలు జేబులో కుక్కుకుంటూ. గదిలోకి వచ్చింది, బల్ల తుడుస్తోంది, సీసా కొంచెం పక్కకి జరుపుదామని చెయ్యి చాపింది, అది వేడిగా ఉంది. ఆ వేడి వేళ్లకి ఇప్పటికీ గుర్తుంది. పేలిన చప్పుడు మాత్రం గుర్తులేదు. కుళాయి నీళ్ల ధార, ఎవరో తల వెనక పట్టుకుని వంచడం, కళ్లు తెరు, కళ్లు తెరు అని అరవడం, తెరిచే ఉన్నాయని తను అరవడం, అవి మాత్రం ఏవీ చెరగలేదు. తెరిచే ఉన్నాయి. ఒకటి తెరుచుకునే పోయింది.

విచారణ అన్నారు. కట్టు కట్టిన ముఖంతో కుర్చీలో కూర్చోబెట్టారు, పక్కన అక్క, అక్క చేతిలో మంచినీళ్ల సీసా. సీసాని ఆఖరున ఎవరు ముట్టుకున్నారని అడిగారు. ఆయన లేచి నిలబడి, గొంతులో ఎంత దుఃఖం పెట్టుకోవచ్చో అంతా పెట్టుకుని, "నేను సీసాల జోలికే పోనండి, అవన్నీ పిల్లలే చూసుకుంటారు. పాపం, మంచి పిల్ల, కాస్త తొందర మనిషి" అన్నాడు. తొందర మనిషి! గదిలో తోటి విద్యార్థులు ఉన్నారు, ఆయన రోజూ మూతలు బిగించడం కళ్లారా చూసినవాళ్లు, ఆయనకి ఆ పేరు పెట్టుకుని నవ్వుకున్నవాళ్లు. ఒక్కరు నోరు విప్పలేదు. వాళ్ల పట్టాలు ఆయన సంతకం మీద ఉన్నాయి, పిల్లి మీద ఎలుక సాక్ష్యం చెబుతుందని ఎవరు ఆశిస్తారు? పెద్దలు గుసగుసలాడుకుని ఒక్క వాక్యం తేల్చారు. విద్యార్థిని నిర్లక్ష్యం. కంటిలో గాజు పెట్టుకోవడానికి అలవాటుపడింది, రోడ్డు దాటేటప్పుడు ఎడమకి మొత్తం మెడ తిప్పడానికి అలవాటుపడింది, బస్సులో పిల్లలు తేరిపార చూస్తే చూడనిచ్చింది. ఆ రెండు మాటలకి మాత్రం ఎన్నేళ్లయినా అలవాటుపడలేదు. ఎందుకంటే అవి మెల్లిమెల్లిగా ఆమె లోపల్నుంచే మాట్లాడటం మొదలుపెట్టాయి. నువ్వే బిగించావేమోనే. టీకి వెళ్లే తొందరలో, అలవాటు తప్పి, ఆ ఒక్కరోజు. ఆయన అంత నింపాదిగా చెప్పాడంటే నిజమేనేమో. చూసినవాళ్లెవరూ లేరు కదా. వరండాలో ఎదురుపడ్డాడంటే గదిలోకి వెళ్లాడనేముంది.

అక్కా బావా దగ్గరే ఉంటోంది అప్పట్నుంచి. వంటింట్లో ఆమె ముట్టుకున్న ఏ డబ్బాకీ మూత సరిగా ఉండదు, ఊరికే ఆనించి వదిలేస్తుంది. "పంచదారకి మళ్లీ చీమలు పట్టాయే! నీ చేతులు తగలెయ్య, మూత పెట్టడం కూడా రాదా?" అని అక్క కేకలు. "ఊరుకోవే, చీమలు మాత్రం ఏం పాపం చేశాయి, వాటికి మీ చెల్లెలు పిన్ని" అని బావ పేపరు వెనక నుంచి. అక్క తిట్టిన ప్రతిసారీ ఆమెకి లోపల చెప్పలేనంత సంతోషం. చూడండి, ఈ చెయ్యి బిగించే చెయ్యి కాదు, కావాలంటే చీమల్ని అడగండి. అలా సంతోషపడుతూ ఉండగానే ఒకనాడు బస్సులో దాహమేసి మంచినీళ్ల సీసా తాగి, మాటల్లో పడి, మూత గట్టిగా బిగించేసింది. బిగించానని తర్వాత తెలిసింది, తీయబోతే రాకపోయేసరికి. ఆ సీసా ఒళ్లో పెట్టుకుని దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా ఏడ్చింది. పక్కసీటు ఆవిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవరని చెప్పాలి?

అందుకే ఇక్కడ ఉద్యోగం ఖాళీ ఉందని తెలియగానే దరఖాస్తు పెట్టింది. "నీకేమైనా మతిపోయిందా, ఆ కొంప మళ్లీ తొక్కుతావా?" అంది అక్క. మతి ఉండే తొక్కింది. ఆమెకి కావాల్సింది ఒక్కటే, ఆయన ఒక సీసా మూత బిగిస్తుండగా చూడాలి, ఒక్కసారి, మిగిలిన ఒంటి కన్నుతోనైనా. నా చెయ్యి కాదు, ఆ చెయ్యే అని తన కన్ను తనకి చెప్పాలి. చేరిన రోజు నుంచి ఏదో ఒక వంకతో సాయంత్రాలు ఈ గది ముందు తచ్చాడింది, ఎప్పుడూ కుదరలేదు, ఆమె వచ్చే వేళకి ఆయన ఎవరితోనో మాట్లాడుతూ బయటే నిలబడి ఉండేవాడు. కనబడితే చాలు భుజం తట్టేవాడు. మా అమ్మాయే, మా ల్యాబ్ పిల్లే అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, ఈయన ఇంకో రకం, కన్ను పొడిచి కాటుక దిద్దే రకం. ఇవాళ సీసా దానంతటదే నిలబడి ఉంది, పిలవని పేరంటానికి వచ్చినట్టు. చూడటంతో సరిపెట్టుకుందామనుకున్న మనసు బుడగలు చూశాక సరిపెట్టుకోనంటోంది.

కింద గొంతు మారింది. ఉపన్యాసకులు కథ చెప్పబోయే ముందు తగ్గించే గొంతు. "మా ల్యాబ్‌లోనే, చాలా ఏళ్ల కిందట, ఒక అమ్మాయి, చాలా తెలివైన అమ్మాయి. ఒక్క చిన్న నిర్లక్ష్యం. సీసా మూత బిగించింది, అంతే. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. ఆ అమ్మాయే ఈ రోజు మన సేఫ్టీ ఆఫీసర్ అని చెప్పడానికి నేను గర్విస్తున్నాను." చప్పట్లు. స్పీకర్లు చిరిగిపోయేలా చప్పట్లు. ఎంతమంది అక్కడ, ఎవరెవరు కొడుతున్నారు, ప్యూను కొడుతున్నాడా, కొత్తగా చేరిన పిల్లలు కొడుతున్నారా, ఆమె కన్ను పోయినందుకు కొడుతున్నారా, పోగొట్టుకుని బుద్ధి తెచ్చుకున్నందుకా? ఆమె పళ్లు బిగుసుకుని దవడ నొప్పెట్టింది. రా. వేదిక దిగి మెట్లెక్కి రా. రుమాలు తీసుకో, ముక్కుకి పెట్టుకో, వంగు. బాగా వంగి బిగించు, వాసన రాకుండా. ఏ కన్ను పోతుంది? ఎడమదైతే బాగుణ్ణు. ఆ తర్వాత నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముఖానికి కట్టుతో, ఆఖరున ఎవరు ముట్టుకున్నారని నేనే అడుగుతాను.

మూత అంచు చుట్టూ పలచగా గోధుమరంగు పొగ కమ్ముకుంటోంది, హుడ్ దాన్ని పైకి లాగేసుకుంటున్నా కొంచెం ఘాటు గదిలోకి వస్తోంది. అంతలో ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. పిల్లలు ముందొస్తే? సభ అవగానే టిఫిను డబ్బా కోసం ఎవరైనా పరిగెత్తుకొస్తే? ఆయన వాసన తిట్లకి జడిసి పిల్లే బిగిస్తే? లేచింది. సీసా దగ్గరికి వెళ్తున్నాననే అనుకుంది, కాళ్లు గుమ్మం దగ్గరికి వెళ్లాయి. స్టూలు లాక్కొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. పిల్లలొస్తే ఆపేస్తుంది. ఆయనొస్తే లేచి దారిస్తుంది. ఇంత స్పష్టంగా తనలో తను అనుకోగలిగినందుకు ఆమెకి భయం వేయాలి, వేయలేదు. అమ్మ ఉండి ఉంటే ఆ ముఖం చూసి ఏమనేదో. అమ్మ చివరిదాకా ఒకటే మాట, వాడి పాపం వాడినే కాలుస్తుందే, నువ్వెందుకు కట్టెలు మొయ్యడం అని. కాల్చలేదమ్మా. జుట్టుకి రంగేసుకుని మైకు ముందు నిలబడ్డాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు, ఒక్కరిదే. ఆమె లేచి స్టూలు పక్కకి జరిపింది. ఆయన చంకలో సభలో ఇచ్చిన జ్ఞాపిక పెట్టుకుని, ముఖం నిండా చప్పట్ల వెలుగుతో లోపలికి వచ్చాడు.

"ఎంతసేపైందమ్మా? విసుగొచ్చేసి ఉంటుంది. నా మాటలు పైకి వినిపించాయా?"

"అన్నీ వినిపించాయి సార్."

ఆయన ముక్కు ఎగబీల్చాడు. ముఖం చిట్లించి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు, అచ్చం అప్పట్లాగే, చిటికెన వేలు పైకి లేపి. జ్ఞాపిక బల్ల మీద పెట్టి హుడ్ వైపు నడిచాడు. ఆమెకి కాలం ఆగిపోయినట్టేమీ అనిపించలేదు, బోలెడంత కాలం ఉన్నట్టే అనిపించింది, వద్దు అనే రెండక్షరాలకి కావాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. ఆమె అనలేదు. కుడి కన్ను విప్పార్చుకుని ఆ చేతినే చూసింది. చెయ్యి మూత మీద పడింది. వేళ్లు బిగుసుకున్నాయి. తిప్పాడు.

ఎడమకి తిప్పాడు. ముఖం పక్కకి పెట్టి, చెయ్యి మాత్రం చాపి, మూత పూర్తిగా ఊడదీసి పక్కన పడేసి, గాజు తలుపు సర్రున కిందికి లాగి వెనక్కి వచ్చేశాడు. గోధుమరంగు పొగ అర నిండా లేచి పైకి పోయింది. "ఎవడో వెధవ ఆల్కహాల్ సీసాలో నైట్రిక్ పోశాడు" అని గొణుక్కుంటూ పక్క హుడ్‌లో సీసాలు ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు, వదులుగా ఉన్నాయో లేదోనని, బిగుతుగా తగిలిన ఒకదాన్ని వదులు చేస్తున్నాడు. రోజూ చేసే మనిషి చేసినట్టు చేస్తున్నాడు. అయితే ఈయన బిగించే మనిషే కాదా? ఇన్నేళ్లూ పట్టుకుని వేలాడింది ఉత్త ఊహా? అయితే ఆ చెయ్యి నాదేనా? అడిగేసింది.

"మీరు మూతలు బిగించరా సార్?"

"మానేసి చాలా ఏళ్లయిందమ్మా" అన్నాడు వెనక్కి తిరక్కుండానే, అలవాటుగా, ఏ సిగరెట్ల గురించో చెప్పినట్టు. తర్వాత ఆయన చెయ్యి సీసా మీద ఆగిపోయింది. అన్న మాట ఆయన చెవిన అప్పుడు పడింది.

మానేశాడు. మానెయ్యాలంటే అంతకుముందు చేస్తూ ఉండాలి. చేసింది తనేనని తెలిస్తేనే మానేస్తాడు. ఆమె కన్ను పోయిన రోజే తెలుసుకున్నాడు, పాఠం నేర్చుకున్నాడు, చెయ్యి దిద్దుకున్నాడు, దిద్దుకుని వచ్చి విచారణలో నిలబడి సీసాల జోలికే పోనన్నాడు. తెలిసి అన్నాడు. ఇందాక మైకులో కూడా తెలిసే అన్నాడు. చీమల తిట్లు, బస్సులో ఏడుపు, తన చేతిని తనే అనుమానంగా చూసుకున్న ఇన్ని వేల పూటలు, అన్నిటికీ మూలం తెలిసినవాడు భుజం తడుతూ తిరిగాడు. ఒక్కసారిగా ఆమె ఒళ్లు తేలికయింది, ఆ వెంటనే మండింది.

"విచారణలో అలా చెప్పలేదే మీరు."

"ఎప్పటి మాటలో అమ్మా, ఇప్పుడెందుకవన్నీ..." అంటూ తిరిగాడు. తిరిగి ఆమెని చూశాడు, గుమ్మం దగ్గరి స్టూలు చూశాడు, సంచీలోంచి కనబడుతున్న గాలిపోయే మూతలు చూశాడు, హుడ్‌లో ఇంకా కమ్ముతున్న పొగ వైపు చూశాడు. లెక్క అర్థమవడానికి ప్రొఫెసరుకి ఎక్కువసేపు పట్టలేదు. "నువ్వు ఎంతసేపట్నుంచి ఉన్నావిక్కడ?"

"మొదటి బుడగ దగ్గర్నుంచి."

"చూస్తూ కూర్చున్నావా? మరి ఎందుకు..."

"మీరొచ్చి బిగిస్తారని సార్."

ఆయన ముఖంలో రక్తం చుక్క లేదు. రుమాలు చేతిలోంచి జారిపోయింది, తీసుకోలేదు. ఆమె ఇన్నేళ్లూ రాత్రుళ్లు ఊహించుకున్న ముఖం అదే, దెబ్బ తగలకుండానే దొరికింది, తియ్యగా ఉంది. అబద్ధమెందుకు, చాలా తియ్యగా ఉంది. ఆయన మెల్లిగా తేరుకుని, గొంతులోకి ఆ పాత తియ్యదనం మళ్లీ తెచ్చుకున్నాడు. "సరే. నువ్వేదీ వినలేదు, నేనేదీ చూడలేదు. ఇక్కడితో ఇద్దరం మర్చిపోదాం. నీ మంచికే చెబుతున్నానమ్మా."

ఒక్క క్షణం ఆమెకి అక్క ఇల్లు కనిపించింది, నెల జీతం, బావ పేపరు, ఇక ఎవరూ అనుమానించని తన చెయ్యి. తనకి తెలిసింది కదా, చాలదా? చాలదు. నిండా మునిగాక చలేమిటి.

"కింద ఎవరూ ఇంకా వెళ్లలేదు, అందరూ టీ తాగుతున్నారు, మైకు కూడా తీసినట్టు లేదు. పదండి" అంది తలుపు బార్లా తీసి పట్టుకుని. "మూతలు ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో మీరు చెప్పండి. ఇక్కడ ఎందుకు కూర్చున్నానో నేను చెబుతాను."

"నీకు పిచ్చి పట్టిందా? ఉద్యోగం ఊడుతుంది! తప్పంతా నీ మీదే పడుతుంది!"

"పడనివ్వండి సార్" అంది ఆమె. "ఈసారి నిజంగా నాదే."